ఎలుగుబంటిని చూడబోయితిమి

ఎలుగుబంటి పేరు విననివారు మీలో ఎవరును ఉండరు. ఆదివారపు బడిలో కాపరియైన దావీదు కథ చెప్పినప్పుడే ఆ పేరు మన చెవిని బడినది. కొండల ప్రక్కను, జీడితోటల మధ్యను కాపురముండు వారికైతే బడిలో చెప్పనక్కరలేదు. ఎలుగ్గొడ్డనియు, గుడ్డెలుగనియు ఊరికొక పేరు పెట్టి, ఆ పేరు చెప్పియే బిడ్డలను సందెవేళ ఇంటిలోనికి పిలుచుకొందురు. అట్టి మృగమును చూచుటకై మనుష్యులు రూకలు చెల్లించి, జీపులెక్కి, కొండమీదికి పోవుదురనగా మీరు నమ్ముదురా? నేను పోయి చూచి వచ్చితిని గనుక చెప్పుచున్నాను.

నా చిన్నతనమున ఎలుగును చూచుటకు మేము ఎక్కడికిని పోలేదు. అదే మా వాకిటికి వచ్చెడిది. దానిని ఆడించువాడు డమరుకము వాయించుచు వీధిలో అడుగుపెట్టగానే పిల్లలమందరము గుమిగూడెడివారము. దాని మూతికి రంధ్రము పొడిచి త్రాడు గ్రుచ్చియుండిరి. త్రాడు గుంజినప్పుడెల్ల అది బాధకు వెనుకకాళ్ళమీద లేచెడిది. దానికే నాట్యమని పేరు. జడుపు తగిలిన బిడ్డను దాని వీపుమీద కూర్చుండబెట్టి, దాని వెంట్రుక నొకదానిని తాయెత్తులో కట్టించుకొని, తల్లులు వాని జోలెలో బియ్యము పోసెడివారు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినను ఆ ఆట వెంటనే ఆగలేదు. ఎలుగును ఆడించు కుటుంబములకు పొట్టకూటికి వేరొక దారి చూపించి, ఒక్కొక్క జంతువును విడిపించుటకు చాల ఏండ్లు పట్టెను. 2009వ సంవత్సరముతో అది మన దేశమున ముగిసినదని ఆ పని చేసినవారు ప్రకటించిరి.

ఇప్పుడు వ్యవహారము తలక్రిందులైనది. ఎలుగు తన ఇష్టము చొప్పున తిరుగుచుండగా, మనుష్యుడే నడుమునకు పట్టీ బిగించుకొని ఇనుప బండిలో కదలక మెదలక కూర్చుండవలెను. ఇది న్యాయముగానే ఉన్నదని నాకు తోచుచున్నది.

అయితే నాకు ఆ జీపు ఎక్కుటకు మనస్సు రాలేదు. దానికి కారణము చెప్పెదను. మాది శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము. మా చిన్నమ్మ 2004వ సంవత్సరము ఏప్రిలు మాసమున ఒకనాడు తెల్లవారకముందే జీడిపిక్కలు ఏరుటకు తోటకు పోయెను. రాలిన పండ్లను తినుచున్న ఎలుగు చీకటిలో ఆమెకు కనబడలేదు. ఆమెయు దానికి కనబడలేదు. ఇద్దరును ఒకరిమీద ఒకరు పడినంత పని అయినది. చిన్నమ్మ బ్రదికెను గాని కుడికన్ను పోయెను, చెక్కిలి మీద ఆ గోళ్ళ చాళ్ళు నేటికిని ఉన్నవి. ఇరువది యేండ్లుగా ఆమె కొంగు ఆ ప్రక్కకు లాగుకొనియే కూర్చుండును. ఆ ముఖము చూచి పెరిగిన నా కుమార్తెయే, “నాన్నా, టిక్కెట్లు కొనేశాను, ఎలుగుబంట్లని చూడ్డానికి వెళ్దాం” అని చెప్పగా నేను ఏమని పలుకుదును?

నా కుమార్తె కుటుంబము కెనడా దేశపు పడమటి తీరమున, వాంకూవరు నగరము చెంతనున్న సర్రీలో కాపురమున్నది. అచ్చటినుండి సముద్రపు పాయను ఒక ప్రక్కను, నిట్టనిలువు కొండను ఒక ప్రక్కను ఉంచుకొని పోవు మార్గమున ఉత్తరముగా పోయినయెడల విస్లర్ అను కొండపట్టణము వచ్చును. వాంకూవరుకు అది సుమారు 120 కిలోమీటర్లు. స్క్వామిష్, లిల్వత్ అను మూలవాసుల భూములవి. 2021వ సంవత్సరపు జనాభా లెక్కలో ఆ ఊరివారు సుమారు 14,000 మంది మాత్రమే. వచ్చిపోవు యాత్రికులకు లెక్కలేదు. కాళ్ళకు బల్లలు కట్టుకొని మంచుమీద జారుట అచ్చటి వేడుక. 1966వ సంవత్సరమున ఆ కొండ జారువారికై తెరువబడెను. 2010వ సంవత్సరమున శీతకాలపు ఒలింపిక్ ఆటలలో కొన్ని అచ్చటనే జరిగెను. ఆ కొండలలో మర్మటు అను ఉడుతజాతి జంతువు మనుష్యుని చూచి ఈల వేయును. ఆ ఈలనుబట్టియే ఊరికి ఆ పేరు వచ్చినది.

ఎలుగులు ఆ జారుడు కొండమీదికే ఏల వచ్చుననగా, మనుష్యుడు వాటికొరకు అనుకొనకయే బల్ల సిద్ధపరచెను. జారుటకు దారి కావలెనని అడవిని పట్టీలుగా నరికిరి. నరికిన చోట వేసవిలో మన్ను కొట్టుకొనిపోకుండ గడ్డివిత్తనములు, పశువులు మిక్కిలి ఇష్టపడు క్లోవరు అను మేతమొక్కయు చల్లిరి. దట్టమైన దేవదారుల నీడలో మొలవని పచ్చిక అచ్చట మోకాలెత్తు పెరిగెను. మంచు మొదట లోయలో కరగును, పిమ్మట మెల్లమెల్లగా పైకి కరగుచు పోవును. లేతగడ్డియు ఆ వెంటనే పైకి మొలచుచు పోవును. ఎలుగులు ఆ పచ్చదనము వెంబడి కొండ నెక్కుచుండును. వేసవి ముదిరిన పిమ్మట అడవిపండ్లు పండును. అప్పుడు గడ్డిని విడిచి పొదలలో దూరును.

సాయంకాలము ఐదు గంటలకు బయలుదేరితిమి. జూను మాసమున ఆ దేశములో రాత్రి తొమ్మిదింటి వరకు వెలుతురుండును. నాలుగు చక్రములకును ఇంజను బలమందు జీపు అది, ఎక్కినవారము ఆరుగురము. దారి చూపునది ఒక నడివయస్సు స్త్రీ. బండి కదలకముందే ఆమె మాకు చెప్పవలసినది చెప్పెను. బండి దిగరాదు. చేతులు బయట పెట్టరాదు. కేకలు వేయరాదు. తినుబండారముల సంచి విప్పనేరాదు. కాలినడకన పోవువారు ఎలుగుకు నూరు మీటర్ల దూరమున నిలువవలెనని అచ్చటి నియమము. బండి అట్లు కాదు, దానిని అవి ఒక కదలెడు బండరాయిగా ఎంచి లెక్కచేయవని ఆమె చెప్పెను. ఆ దారిని గూర్చి మాత్రము నన్నడుగకుడి. శీతకాలమున యంత్రములను త్రిప్పుకొనుటకు వేసిన కంకర బాటలవి. ఒకచోట ముందు అద్దములో ఆకాశము తప్ప ఏమియు కనబడలేదు. వర్షాకాలములో మన ఊరి చెరువుగట్టుమీద ఎడ్లబండి తోలిన నాకు కూడ కడుపు చేతికి వచ్చెను.

మొదట చూచినది మొద్దు. రెండవది కాలిన మొద్దు. మూడవది తల యెత్తెను.

నల్లగా నిగనిగలాడు బొచ్చు, గోధుమరంగు మూతి. మన ఎలుగువలె జులపాలు లేవు, రొమ్మున తెల్లని గుర్రపునాడా గుర్తు లేదు. ఆడది. ఆడవి సామాన్యముగా నూరు కిలోలకు తక్కువే యుండునట. మగది ఇన్నూరు కిలోలు కూడ తూగునట. అది నన్ను చూచిన మాట నిజమే. ఆ క్షణమున నాకు చిన్నమ్మ చెక్కిలియే కనబడెను. బండి తలుపు గడియమీద నా చేయి బిగిసెను. అది మమ్మును చూచి, చూడవలసినది ఏమియు లేదన్నట్లు తల వంచి మరల మేయనారంభించెను. మేయుచున్నది, చదువరులారా, మన గేదెవలెనే! పరపరమని గడ్డి త్రెంచు శబ్దము జీపులోనికి వినబడుచున్నది. దాని ఆహారములో అధికభాగము గడ్డియు ఆకులును పండ్లునని దారి చూపునామె మెల్లగా చెప్పెను. ఆ మాట చెప్పుచునే చెట్టు మీదికి వ్రేలు చూపెను. కొమ్మల సందున రెండు పిల్లలు, రెండు నల్లని కుండలవలె, వ్రేలాడుచుండెను.

ఆ పిల్లలను గూర్చి ఆమె చెప్పిన సంగతి నేను ఎన్నటికిని మరువను. ఈ ఎలుగులు జూను మాసమున జతకూడును. కాని తల్లి గర్భములో ఆ పిండము వెంటనే పెరుగదు. నవంబరు వరకు నిలిచియుండును. ఈలోగా తల్లి పండ్లు తిని క్రొవ్వు పట్టవలెను. ఆకురాలు కాలమున అది దినమునకు ఇరువది గంటలు కూడ తినుచునే యుండునట. క్రొవ్వు చాలినయెడల పిండము గర్భమున నాటుకొనును. పండ్లు కాయని యేడు క్రొవ్వు చాలదు, పిండము నాటుకొనదు, ఆ యేడు బిడ్డలు లేరు. పిమ్మట అది చెట్టు తొర్రలోనో, వేళ్ళ క్రిందనో దూరి, మంచు పైన కప్పుచుండగా అయిదారు నెలలు అన్నము లేదు, నీళ్ళు లేవు, మలమూత్రములు లేవు, అట్లే పడియుండును. ఆ నిద్రలోనే, జనవరి ఫిబ్రవరి నెలలలో ప్రసవించును. పుట్టిన పిల్ల అర కిలో కూడ తూగదు, కన్నులు తెరువదు. తల్లి ఒక్క ముద్ద తినకయే దానికి పాలిచ్చును. మన ఇండ్లలో బాలింతకు ఎన్ని పథ్యములు చేసి పెట్టుదుము!

నా మనుమరాలికి ఏడేండ్లు. అది ఇదంతయు విని నా చెవిలో, “తాతయ్యా, పాపం వాళ్ళమ్మ ఆర్నెల్లు ఏమీ తినలేదట కదా, పిల్లకి ఒక్క బిస్కట్టు వేద్దామా?” అనెను. దాని చేయి అప్పటికే సంచిలో నున్నది.

ముందు కూర్చున్న ఆమె వెనుకకు తిరిగి, బిడ్డ ఏమన్నదని అడిగెను. నా కుమార్తె ఇంగ్లీషులో చెప్పెను. ఆమె నవ్వలేదు, కోపపడనులేదు. పెద్దవారితో మాటలాడినట్లే దానితో మాటలాడెను. ఆమె చెప్పినదాని భావమిది: నీ బిస్కట్టుతో దాని ఆకలి తీరదు. అది నేర్చుకొనునది ఒక్కటే, మనుష్యులున్న చోట తిండి ఉన్నదని. రేపు అది ఇంకొక బండి దగ్గరకు వచ్చును. ఎల్లుండి ఒకరి వంటయింటి తలుపు నెట్టును. ఆ మరునాడు ఒకనిని కొట్టును. అప్పుడు దానిని కాల్చివేయుదురు. దూరముగా కొనిపోయి విడిచినను తిరిగి వచ్చునవి అనేకములు.

“ఎవరు కాలుస్తారు?” అని బిడ్డ అడిగెను.

ప్రభుత్వపు అడవి అధికారులని చెప్పి, ఆ దినము వారికిని మంచి దినము కాదని ఆమె అనెను. బ్రిటిష్ కొలంబియా అను ఆ ఒక్క రాష్ట్రములోనే యేటేట వందలకొలది నల్ల ఎలుగులను ఈ విధముగానే చంపవలసివచ్చుచున్నది. ఎలుగులకు మేతపెట్టుట అచ్చట చట్టవిరుద్ధము.

మనుమరాలు చేయి వెలుపలికి తీసెను. నాకైతే ఆ మాట గొంతు దిగుటకు చాలసేపు పట్టెను. వాకిటికి వచ్చినవారిని వట్టిచేతులతో పంపరాదని మన అమ్మలు మనకు నేర్పిరి. ముద్ద మిగిలినయెడల కుక్కకు, పిడికెడు నూకలు పిచ్చుకలకు వేయుట మన ఇండ్లలో వాడుక. పెట్టుటయే ప్రేమయని ఎంచిన చేతికి, పెట్టకుండుటయే ప్రేమయని చెప్పిన యెడల అది తడబడకుండునా? బండికి అలవాటు పడిన ఎలుగు వేరు, మనుష్యుని తిండి రుచి మరిగిన ఎలుగు వేరు. మొదటిది ముసలిదై చచ్చును. రెండవది తుపాకికి చచ్చును. చూడవచ్చినవారు ఒక బిస్కట్టుతో మొదటిదానిని రెండవదానిగా చేయగలరు.

ఈ భేదము ఆ ఊరివారు కష్టపడి నేర్చుకొనిన పాఠము. జీనీ అను ఒక ఆడ ఎలుగు విస్లర్‌లో అందరికిని తెలిసినది. దాని పిల్లలను చూచుటకు యాత్రికులు ప్రత్యేకముగా వచ్చెడివారు. అది ముసలిదై ఊరిలోని తిండికి మరిగెను. 2011వ సంవత్సరమున దానిని అధికారులు చంపవలసివచ్చెను. దానిని ప్రేమించని వారు ఆ ఊరిలో లేరు. ఆ ప్రేమ దానిని కాపాడలేకపోయెను. మరునాడు ఉదయమున నేను ఊరిలో నడచుచు చూచితిని: చెత్తకుండీలన్నియు ఇనుపపెట్టెలే. మూత తెరువవలెనన్న లోపలికి వ్రేళ్ళు దూర్చి కొక్కెము నొక్కవలెను. ఎలుగు పంజా అందులో దూరదు. వీధిలో ఇంటింటికి చెత్తబండి రాదు. ఎవరి చెత్తను వారే కారులో పెట్టుకొని, మూసియుంచిన కేంద్రమునకు కొనిపోయి వేయవలెను. లక్షలు విలువచేయు మేడల యజమానులు సంచి చేతబట్టి అచ్చట నిలువబడియుండుట చూచి నాకు కొంచెము నవ్వు వచ్చిన మాట నిజమే. మైలు దూరము నుండి వాసన పట్టు ముక్కు గలదానితో కాపురము చేయవలెనన్న అంతపని తప్పదు.

ఇంటికి తిరిగివచ్చిన పిమ్మట చిన్నమ్మను చూడబోయితిని. మనుమరాలు ఫోనులో తీసిన బొమ్మలు ఆమెకు చూపవలెనా వద్దా యని దారి పొడుగునను ఆలోచించితిని. ఆమెయే అడిగి తీసికొని, మంచి కంటికి దగ్గరగా పెట్టుకొని చాలసేపు చూచెను.

“ఇదేటి చేస్తంది బాబూ?”

“గడ్డి మేస్తంది చిన్నమ్మా.”

“గడ్డా! మనదానికి ఆ బుద్ధి రాలేదేటి?” అని ఆమె నవ్వెను. నవ్వినప్పుడు ఆ చాళ్ళు ముడుచుకొనును.

మన ఎలుగు అట్లేల కాదో నేను చదివి తెలిసికొనినంత ఆమెకు చెప్పితిని. ఆ దేశపు నల్ల ఎలుగు పెద్ద చెట్లున్న అడవిలో పుట్టినది. భయము కలిగినప్పుడు చెట్టెక్కును, పిల్లలనును ఎక్కించును. మనది చెదపుట్టలు త్రవ్వుకొని బ్రదుకునది. పులియు చిరుతయు తిరుగు బోడి మెట్టలలో పిల్లలను వీపుమీద మోసుకొని తిరుగునది. దాచుటకు చెట్టు లేదు, పరుగెత్తుటకు వీపున బరువు. గనుక హఠాత్తుగా ఎదురుపడినవారిమీదికి ముందు తానే దూకును. ఆమె ఏమియు అనలేదు. కొంతసేపటికి, “దాని ఈపు మీద పిల్లలున్నాయేమో ఆ పొద్దు. చీకటి, నాకేం కనపడింది?” అనెను. ఇరువది యేండ్లలో ఆమె ఈ మాట పలుకగా నేను వినుట అదే మొదలు.

మా దగ్గర పరిస్థితి మీరెరుగుదురు. 2022వ సంవత్సరము జూనులో వజ్రపుకొత్తూరు మండలము కిడిసింగి ప్రాంతమున ఎలుగు దాడిచేసి ఒకరిని చంపి, పలువురిని గాయపరచెను. మత్తుమందిచ్చి పట్టిన పిమ్మట ఆ ఎలుగును చచ్చెను. మా కొండలను రాతికొరకు పగులగొట్టుచున్నారు. మిగిలిన మెట్టలచుట్టు జీడితోటలే. విస్లర్‌లో వలె దానికి వెనుకకు పోవుటకు అంతులేని అడవి లేదు. ఇచ్చట జీపులు పెట్టి టిక్కెట్లు అమ్మవలెనని ఎవరైన తలంచినయెడల, ముందుగా తెల్లవారుజామున పిక్కలు ఏరు స్త్రీలను అడుగుడని నేను చెప్పుదును.

అయినను ఒక సంగతి నన్ను విడువలేదు. పిక్క వలుచుకొని, జీడిపండ్లను మేము ఇండ్లవెనుకనే కుప్పలు పోయుచుందుము. మార్చి మొదలు మే వరకు ఆ పులిసిన వాసన ఊరంతయు కమ్ముకొనును. ఆ కుప్పలు ఎలుగుకు చెత్తకుండీలే కదా? ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత చింతచెట్టు క్రింద కూర్చున్నవారితో ఈ మాట చెప్పి, కుప్పలను గోతిలో పూడ్చుదమంటిని. యౌవనస్థులు సరేననిరి. చిన్నమ్మ ఒప్పుకొనలేదు.

“పిక్క మనం తీసుకుంటన్నాం. పండు దానికి ఒగ్గేస్తన్నాం. కొండ తినేసినారు, తోట మనదన్నారు, ఇప్పుడు పండూ పూడ్సేస్తే అదేటి తినాల?” అని అందరి యెదుటను అడిగెను. కన్ను పోగొట్టుకొనిన మనిషి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పగలవారు మాలో ఎవరును లేరు.

చివరకు పూడ్చుట మానితిమి. ఇండ్లవెనుక మాత్రము పోయరాదనియు, తోటలకు ఆవలి అంచున, మెట్ట మొదట, మనుష్యులు నడువని చోట ఎండకాలమంతయు విడిచిపెట్టవలెననియు, తెల్లవారి వెలుగు వచ్చువరకు తోటకు ఎవరును పోరాదనియు నిర్ణయించుకొంటిమి. దూరము మోయవలెను గనుక గొణుగువారున్నారు. ఇది మంచిదో కాదో రెండు మూడు జీడికాలములు గడిచిన గాని తెలియదు. చిన్నమ్మ వాటా గంపను నా తమ్ముని కుమారుడు మోయుచున్నాడు. ఆమె వాని వెనుక మెట్టవరకు పోయి, అచ్చట పోయుచున్నాడో లేదో చూచి మరీ వచ్చుచున్నది.